డైట్ అని రాసుంటే చాలదు: కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు కూల్ డ్రింక్ ఎలా ఎంచుకోవాలి

కిడ్నీ జబ్బు ఉందని తెలిశాక చాలామంది మొదట చేసే పని తీపి కూల్ డ్రింకులు మానేసి డైట్ వాటికి మారడం. మన దగ్గర షుగర్ వల్లే కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి అది సహజమే, చక్కెర తగ్గితే మంచిదే కూడా. కాకపోతే సీసా ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండే డైట్, జీరో, నో షుగర్ అన్నీ చక్కెర గురించి మాత్రమే చెబుతాయి. కిడ్నీకి పట్టేవి వేరే ఉన్నాయి: ఫాస్ఫరస్, పొటాషియం, ఉప్పు, వీటన్నిటి పైన రోజు మొత్తం మీద ఎంత ద్రవం లోపలికి పోతోందన్నది. వీటి గురించి ముందువైపు ఒక్క ముక్క కూడా ఉండదు. అందుకని సీసా తిప్పి వెనకవైపు చదవడం అలవాటు చేసుకోవాలి. ఆ చీమకాళ్ళ అక్షరాలు కనపడకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చూడండి, కొట్టువాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి.

ముందు మీ రిపోర్టు చూసుకోండి

అందరికీ ఒకే సలహా కుదరదు. రిపోర్టు రాగానే కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ ఎంతుందో చూసి కాగితం మడిచేస్తాం గానీ, డ్రింకు ఎంచుకోవడానికి పనికొచ్చే అంకెలు దాని కింద ఉంటాయి. పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 దాకా, ఫాస్ఫరస్ 2.5 నుంచి 4.5 దాకా ఉండాలి (ల్యాబును బట్టి కాస్త అటూ ఇటూ). జబ్బు మొదటి దశల్లో ఉండి, ఈ రెండూ హద్దులోనే ఉండి, మూత్రం బాగా వస్తూ, కాళ్ళవాపులు లేనివాళ్ళకి ఆంక్షలు తక్కువ. వాళ్ళు ఈ వ్యాసంలో ఉన్నవన్నీ పాటించాల్సిన పని లేదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి మాత్రం దాదాపు ప్రతి మాటా వర్తిస్తుంది. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు దయచేసి ఇది చదివి నీళ్ళు తగ్గించేయకండి, మీది పూర్తిగా ఎదురు లెక్క, మీకు నీళ్ళు ఎక్కువే కావాలి. కిడ్నీ మార్పిడి చేయించుకుని, కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్ మందు వాడుతున్నవాళ్ళు గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస రసం కలిసిన డ్రింకుల జోలికి పోకూడదు, ఆ మందు రక్తంలో పెరిగిపోతుంది. మన ఊళ్ళో అలాంటి డ్రింకులు తక్కువ గానీ అమెరికాలో కొన్ని సిట్రస్ సోడాల్లో గ్రేప్‌ఫ్రూట్ రసం నిజంగానే ఉంటుంది.

338 ఉందా, 330 ఉందా

పదార్థాల జాబితాలో అసిడిటీ రెగ్యులేటర్ అన్న చోట కొన్ని నంబర్లు ఉంటాయి. 338 అంటే ఫాస్ఫారిక్ యాసిడ్. 330 అంటే సిట్రిక్ యాసిడ్, నిమ్మకాయలో ఉండేదే. కోక్, పెప్సీ, థమ్స్ అప్, వాటి చక్కెర లేని రకాలు, డైట్ కోక్, కోక్ జీరో, వీటన్నిటిలోనూ 338 ఉంటుంది. కోలాకి ఆ పదునైన పులుపు వచ్చేది దానివల్లే, చక్కెర తీసేసి స్వీటెనర్ వేసినంత మాత్రాన అది ఎక్కడికీ పోదు. స్ప్రైట్, సెవెనప్ లాంటి తెల్లటి నిమ్మ రకాల్లో 330 ఉంటుంది. అంటే కిడ్నీ జబ్బు ఉండి, డైట్ డ్రింకు తాగాలనే అనుకుంటే, కోలా కాకుండా నిమ్మ రకంలో చక్కెర లేనిది తీసుకోవాలి.

ఇంతకీ ఆ ఫాస్ఫరస్‌తో ఏమిటి గొడవ? పప్పులు, గింజలు, తృణధాన్యాల్లో ఉండే ఫాస్ఫరస్‌ ఎక్కువగా ఫైటేట్ రూపంలో ఉంటుంది, మన పేగులు దాన్ని సగం కూడా లాక్కోలేవు. పాలు, మాంసంలోది 40 నుంచి 60 శాతం దాకా ఒంట్లోకి వెళ్తుంది. ఫ్యాక్టరీలో కలిపే ఫాస్ఫేట్ మాత్రం విడిగా ఉంటుంది కాబట్టి 80 నుంచి 100 శాతం దాకా నేరుగా రక్తంలోకి పోతుంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ అయితే ఎక్కువైనదాన్ని మూత్రంలో పంపేస్తుంది. దెబ్బతిన్న కిడ్నీ పంపలేదు. అప్పుడు పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి ఎముకల్లోంచి కాల్షియం లాగుతుంది, ఎముకలు బలహీనపడతాయి, ఆ కాల్షియం రక్తనాళాల్లో పేరుకుని అవి గట్టిపడతాయి, ఒళ్ళంతా దురద. డయాలసిస్ వాళ్ళని రాత్రుళ్ళు నిద్రపోనివ్వని దురద వెనక ఇది కూడా ఒక కారణం.

అయితే భయపెట్టడం కోసం చెప్పట్లేదు. 355 మిల్లీలీటర్ల కోలా క్యాన్‌లో ఉండేది సుమారు 30 నుంచి 60 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళకి మామూలుగా చెప్పే హద్దు రోజుకి 800 నుంచి 1000. ఒక గ్లాసు పాలలోనే దాదాపు 180 పైన ఉంటుంది. కాబట్టి పెళ్ళిలో ఎవరో చేతిలో పెట్టిన చిన్న గ్లాసు కోలా వల్ల ఏదో అయిపోదు. రోజూ మధ్యాహ్నం ఒకటి, రాత్రి బిర్యానీలోకి ఒకటి అన్న అలవాటే అసలు సమస్య. ఇంకో సంగతి కూడా ఉంది. ఫాస్ఫరస్ తగ్గించడానికి ఇచ్చే సెవెలమర్, కాల్షియం ఎసిటేట్ లాంటి మాత్రలు భోజనంతో పాటు వేసుకునేవి, తిండిలో ఉన్నదాన్ని పేగులోనే పట్టుకుంటాయి. మధ్యలో సాయంత్రం నాలుగింటికి విడిగా తాగిన కోలాని అవి పట్టుకోలేవు.

2007లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో రోజుకి రెండు, అంతకంటే ఎక్కువ కోలాలు తాగేవాళ్ళలో కిడ్నీ జబ్బు రెండింతలకు పైగా కనిపించింది, డైట్ కోలాకీ అదే ఫలితం, కోలా కాని సోడాలకి మాత్రం ఆ సంబంధం కనపడలేదు. 2011లో అక్కడి నర్సుల మీద చేసిన ఇంకో అధ్యయనంలో రోజుకి రెండు, అంతకంటే ఎక్కువ డైట్ సోడాలు తాగిన ఆడవాళ్ళలో కిడ్నీ పనితీరు తగ్గడం ఎక్కువగా కనిపించింది. ఇవి సంబంధం ఉందని చూపించినవే తప్ప కోలా వల్లే జబ్బు వచ్చిందని తేల్చినవి కావు. కానీ ఎలాగూ జబ్బు ఉన్నవాళ్ళకి రోజుకి రెండు దాకా వెళ్ళకుండా ఉండడానికి ఈ మాత్రం చాలనుకుంటాను.

338 ఒక్కటే కాదు. 339, 340, 341, 450, 451, 452 అన్నీ ఫాస్ఫేట్ కుటుంబమే. రెడీమేడ్ ఐస్ టీలు, నీళ్ళలో కలుపుకునే పొడులు, ఆటగాళ్ళ కోసం అమ్మే స్పోర్ట్స్ డ్రింకులు, వీటిల్లో ఇవి తగులుతుంటాయి. 340 కనిపిస్తే అది పొటాషియం ఫాస్ఫేట్, రెండు రకాలుగానూ పనికిరానిది. నల్లగా ఉన్నదల్లా చెడ్డది, తెల్లగా ఉన్నదల్లా మంచిది అని రంగు చూసి కొనకండి, అమెరికాలో దొరికే రూట్ బీర్ నల్లగా ఉన్నా చాలా బ్రాండ్లలో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండదు, అదే డైట్ డాక్టర్ పెప్పర్‌లో ఉంటుంది. అక్కడ నంబరు బదులు పేరే రాస్తారు కాబట్టి చదవడం తేలిక. జాబితాలో ఫాస్ అన్న శబ్దం వినిపించిన ప్రతి మాటా అనుమానించండి.

మన దేశంలో పోషకాల పట్టికలో శక్తి, పిండి పదార్థం, చక్కెర, కొవ్వు, సోడియం లాంటివి తప్పనిసరి. ఫాస్ఫరస్, పొటాషియం తప్పనిసరి కాదు. పట్టికలో లేదు కాబట్టి డ్రింకులో కూడా లేదనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది పొరపాటు, పదార్థాల జాబితా ఒక్కటే మనకి దిక్కు. అమెరికా లేబుళ్ళ మీద పొటాషియం అంకె ఉంటుంది, ఫాస్ఫరస్ అక్కడా తప్పనిసరి కాదు.

స్వీటెనర్ల గురించి

అందరూ ఎక్కువ టెన్షన్ పడేది వీటి గురించే, కిడ్నీ వరకు చూస్తే తక్కువ పట్టించుకోవాల్సినవీ ఇవే. 951 అంటే ఆస్పర్టేమ్, 950 ఎసిసల్ఫేమ్ పొటాషియం, 955 సుక్రలోజ్, 960 స్టీవియా నుంచి తీసినది. 950 పేరులో పొటాషియం ఉందని కొందరు కంగారు పడతారు. ఆ పదార్థం బరువులో ఐదో వంతే పొటాషియం, ఒక క్యాన్‌లో ఆ స్వీటెనర్ పడేదే కొన్ని పదుల మిల్లీగ్రాములు, కాబట్టి దానివల్ల వచ్చే పొటాషియం పది మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఒక అరటిపండులో 350, 400 ఉంటుంది. ఆ లెక్కన ఇది లెక్కలోకే రాదు.

ఆస్పర్టేమ్‌ని 2023 జూలైలో క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉన్న వాటి జాబితాలో పెట్టారని వార్తలు వచ్చాయి కదా, అదే రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థకి సంబంధించిన నిపుణుల కమిటీ ఒకటి రోజుకి కిలో శరీర బరువుకి 40 మిల్లీగ్రాముల పాత హద్దునే కొనసాగించింది. క్యాన్‌కి 200, 300 మిల్లీగ్రాములు అనుకుంటే 70 కిలోల మనిషి ఆ హద్దు దాటాలంటే రోజుకి 9 నుంచి 14 క్యాన్లకు పైగా తాగాలి. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం ఆస్పర్టేమ్ అసలు పనికిరాదు. బరువు తగ్గడం కోసం స్వీటెనర్ల మీద ఆధారపడొద్దని కూడా 2023లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, షుగర్ జబ్బు ఉన్నవాళ్ళని ఆ సలహా నుంచి మినహాయించింది. మామూలు కూల్ డ్రింకుల్లో చాలావాటిలో వంద మిల్లీలీటర్లకి పది గ్రాముల చుట్టూ చక్కెర ఉంటుంది. షుగర్, కిడ్నీ రెండూ ఉన్నవాళ్ళకి దానికంటే నిమ్మ రకం జీరో డ్రింకు నయం అని నా అభిప్రాయం. చక్కెర కలపలేదు అని రాసి ఉన్న పళ్ళరసం వేరు, చక్కెర లేనిది వేరు. పండులోని చక్కెర అందులో ఉండనే ఉంటుంది.

సహజం అన్న మాట నమ్మి

డైట్ డ్రింకుల్ని రసాయనాలని తిట్టి వాటి బదులు పేషెంటుకి కొబ్బరినీళ్ళు తాగించే ఇళ్ళు ఎన్నో. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు వైపు, కారణం ఇంకా పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు వేలమందిని పట్టి పీడిస్తోంది. ఆ నేలంతా కొబ్బరితోటలే. పెరట్లో బొండం ఉంటుంది, కిడ్నీకి చలవ అన్న మాట ప్రతి నోటా ఉంటుంది. వంద మిల్లీలీటర్ల కొబ్బరినీళ్ళలో దాదాపు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక మోస్తరు బొండం తాగితే 500 నుంచి 700 దాకా ఒక్క దెబ్బకి లోపలికి పోతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అది మేలే, ఎండాకాలంలో అంతకంటే మంచిది లేదు. రక్తంలో పొటాషియం అప్పటికే 5.5 దాటి ఉన్నవాళ్ళకి మాత్రం గుండె లయ తప్పేదాకా వెళ్ళొచ్చు, పైగా ముందస్తు సూచన పెద్దగా ఉండదు. కొంతమందికి కాళ్ళు చేతులు బలహీనంగా అనిపిస్తాయి, కొంతమందికి అదీ ఉండదు. అలాంటి మనిషి ఒక గ్లాసు స్ప్రైట్ జీరో తాగితే పొటాషియం వైపు నుంచి వచ్చే ప్రమాదం దాదాపు ఏమీ లేదు. వినడానికి తల్లకిందులుగా ఉంది గానీ నిజం అదే. బత్తాయి రసం, కమలా రసం, టమాటా రసం కూడా ఇదే కోవలోకి వస్తాయి. స్టార్ ఫ్రూట్ రసమైతే డయాలసిస్ వాళ్ళు నోట్లో పెట్టకూడదు, అందులోని విషం కిడ్నీ బయటికి పంపలేక మెదడుకి ఎక్కుతుంది, ఫిట్స్ వచ్చినవాళ్ళున్నారు.

వాంతులు, విరేచనాలు అయినప్పుడు తాగే ఓఆర్ఎస్‌లో కూడా లీటరుకి 20 మిల్లీమోల్స్, అంటే సుమారు 780 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. నీళ్ళు నిజంగా పోయినప్పుడు అది మందు, డాక్టర్ చెబితే తాగాల్సిందే. నీరసంగా ఉందని ఊరికే టెట్రాప్యాక్ తెచ్చుకుని తాగేది వేరు. ఆ డబ్బాల మీద ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని తీపి డ్రింకులు అమ్మడాన్ని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆపించింది, దానికోసం ఏళ్ళ తరబడి పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారే.

ఉప్పు దగ్గరికొస్తే, సీసాలో వచ్చే జీరో డ్రింకుల్లో సోడియం సాధారణంగా తక్కువే, పట్టికలో చూసుకోవచ్చు. ప్రమాదం సోడా బండి దగ్గర ఉంది. గోలీసోడాలో నిమ్మకాయ పిండి, పావు చెంచా ఉప్పు వేసి, పొంగుతుండగానే ఇస్తాడు, ఆ పావు చెంచాతో దాదాపు 580 మిల్లీగ్రాముల సోడియం, అంటే రోజు మొత్తానికి చెప్పే 2000లో పావు వంతు పైన. ఉప్పు వేయకుండా ఇమ్మనండి. జీరా మసాలా సోడాల సీసాలు కూడా పట్టిక చూశాకే కొనండి. కడుపు ఉబ్బరానికి వేసుకునే పొంగే పొడుల్లో సోడియం చాలా ఎక్కువ, అవి మానేయడం మంచిది. ఇంట్లో ఉప్పు బదులు లో సోడియం సాల్ట్ వేసి నిమ్మకాయ నీళ్ళు చేస్తే అది ఇంకా ముప్పు, అందులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది.

ఎంత తాగుతున్నారు

డయాలసిస్ వాళ్ళకి డాక్టర్లు సాధారణంగా చెప్పే లెక్క, ముందురోజు ఎంత మూత్రం వచ్చిందో అంతకి ఇంకో అరలీటరు కలిపి, అంతే తాగాలని. మీ అంకె మీ డాక్టర్ చెప్పిందే. మూత్రం 300 వస్తే మొత్తం కోటా 800. అందులో 300 మిల్లీలీటర్ల క్యాన్ ఒకటి తాగేస్తే మిగిలిన 500లోనే మాత్రలు వేసుకునే నీళ్ళు, టీ, మజ్జిగ, చారు, పెరుగు అన్నీ సర్దుకోవాలి. ఐస్ ముక్కలూ లెక్కలోకే వస్తాయి. జీరో కేలరీ కదా అని నీళ్ళు కూడా జీరో అనుకుని రెండు డయాలసిస్‌ల మధ్య మూడు నాలుగు కిలోలు పెరిగి, ఆయాసంతో కుర్చీలో కూర్చునే రాత్రులు గడపడం ఎవరికీ వద్దు. క్యాన్ కంటే మూత పెట్టుకునే చిన్న సీసా కొనండి, స్టీలు గ్లాసులో వంద కొలిచి పోసుకుని మిగతాది ఫ్రిజ్‌లో పెట్టండి, గ్యాస్ పోయినా కొంపలేం మునగవు. ఆవకాయ, అప్పడం, చిప్స్ తిన్న రోజు దాహం ఆగదు, ఆ రోజు ఏ డ్రింకు తాగినా కోటా దాటుతుంది, కాబట్టి దాహాన్ని పళ్ళెం దగ్గరే తగ్గించుకోవాలి.

ఇంట్లో చేసుకోవాలంటే సాదా సోడా వంద మిల్లీలీటర్లు, అరచెక్క నిమ్మరసం, షుగర్ ఉంటే ఒక స్వీటెనర్ మాత్ర, లేకపోతే ఒక చెంచా చక్కెర, రెండు పుదీనా ఆకులు. నిమ్మకాయలో పొటాషియం ఉన్నా ఒక కాయ రసంలో ఓ 30 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది, ఫరవాలేదు. సోడా సీసా మీద సోడియం ఎంత ఉందో మాత్రం చూడండి, కొన్ని క్లబ్ సోడాల్లో వంటసోడా కలుపుతారు. గోదావరి జిల్లాల వాళ్ళు ఆర్టోస్ సంగతేంటని అడుగుతారు. 1919 నుంచి ఉన్న రామచంద్రపురం డ్రింకు, మమకారం అర్థమవుతుంది, కానీ అది చక్కెర డ్రింకు, షుగర్ ఉన్నవాళ్ళు పక్కవాళ్ళ గ్లాసులోంచి ఒక గుక్కతో సరిపెట్టుకోండి.

స్టింగ్ లాంటి ఎనర్జీ డ్రింకులు ఊరి కొట్లలోకి కూడా వచ్చేశాయి. మామూలు కూల్ డ్రింకులో కెఫీన్ లీటరుకి 145 మిల్లీగ్రాములు దాటకూడదు, కెఫీన్ డ్రింకు అని రాసిన వాటిలో 300 దాకా ఉండొచ్చు. కిడ్నీ జబ్బుతో పాటు బీపీ ఉన్నవాళ్ళకి, అంటే దాదాపు అందరికీ, అవి వద్దు.

షుగర్ మందులు వాడేవాళ్ళు ఒకటి ఇంట్లోవాళ్ళకి చెప్పి ఉంచండి. కిడ్నీ పని తగ్గేకొద్దీ ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి షుగర్ పడిపోవడం మామూలుకంటే ఎక్కువగా జరుగుతుంది. చెమటలు పట్టి, చేతులు వణుకుతున్నప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న డైట్ డ్రింకు తెచ్చి తాగిస్తే ఏ ఉపయోగమూ లేదు, అందులో చక్కెర లేదు. అలాగే అందరూ చెప్పే కమలా రసం కూడా పొటాషియం ఎక్కువగా ఉన్నవాళ్ళకి కుదరదు. మూడు చెంచాల చక్కెర కొద్ది నీళ్ళలో కలిపి ఇవ్వండి, లేదా అంతే గ్లూకోజ్ పొడి. పావుగంట ఆగి మళ్ళీ పరీక్ష చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

రోజూ రెండు మూడు కోలాలు తాగే అలవాటున్నవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే కెఫీన్ లేక రెండు మూడు రోజులు తలనొప్పి, చిరాకు రావొచ్చు. ఆ తలనొప్పికి బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మాత్రం వేసుకోకండి, కిడ్నీకి కోలా కంటే అవే ఎక్కువ చేటు. మొదటి వారం ఒకటి తగ్గించి, తర్వాతి వారం మిగిలినది నిమ్మ రకానికి మార్చండి. బిర్యానీ తిన్నాక థమ్స్ అప్ పడకపోతే అరగదనే పెద్దవాళ్ళకి ఉప్పు లేని నిమ్మకాయ సోడా ఇచ్చి చూడండి, త్రేనుపు దానికీ వస్తుంది. నెల తర్వాత రక్తపరీక్షలో ఫాస్ఫరస్ ఎంతుందో పాత రిపోర్టు పక్కన పెట్టి చూసుకోండి, ఆ రెండు కాగితాలూ, మీరు తాగే డ్రింకుల వెనకవైపు ఫొటోలూ ఈసారి డైటీషియన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళండి.